రెజిన్ బేస్ కొనే ముందు బొమ్మను ఒకసారి నిలబెట్టి చూడండి

మా అద్దాల అల్మారా రెండో అరలో ఒక కాకతీయ సైనికుడు ఉన్నాడు. 75 మి.మీ. బొమ్మ. ఈటె పట్టుకొని, డాలు కాస్త కిందికి దించి, దూరంగా ఏదో చూస్తూ ఉంటాడు. ఒక్క మొహం మీదే పదకొండు రాత్రులు కూర్చున్నాను. అయితే అతను నిలబడింది ఒక పాడుబడ్డ గోడ ముందు. ఆ గోడకు సన్నగా, పైకి మొనదేలిన కిటికీ ఒకటి. ఫోటో చూసి ముచ్చటపడి తెప్పించిన రెజిన్ బేస్ అది, అంటే బొమ్మను నిలబెట్టడానికి ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసిన పీఠం. బొమ్మను అంటించి, అల్మారాలో పెట్టి మురిసిపోతుంటే మా ఆవిడ వచ్చి చూసి, "గీయన చర్చి ముంగట ఎందుకు నిలవడ్డడు?" అంది.

అప్పటి నుంచి ఆ అర వైపు చూస్తే నాకు మొహం కనబడదు, కిటికీయే కనబడుతుంది.

బేస్ విషయంలో తప్పులు చాలావరకు డబ్బు కట్టకముందే జరిగిపోతాయి. మిగిలినవి పార్సిల్ విప్పిన మొదటి గంటలో జరుగుతాయి. ఈ రెండు చోట్లా ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో ఇక్కడ రాస్తున్నాను. మినియేచర్లకు రంగులు వేయడం మీకు కొంత వచ్చనే అనుకుంటున్నాను. నేనుండేది హనుమకొండలో. ఎండ, వాన, మట్టి గురించి చెప్పేదంతా ఇక్కడి లెక్కే.

ముందు కొలత

బొమ్మ ఆటకా, అల్మారాకా అన్నది తేల్చుకోండి. టేబుల్ మీద ఆడే యుద్ధ ఆటలకైతే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. 25, 32, 40 మి.మీ. అంటూ గుండ్రటి బేసుల సైజులు ఆట నియమాల్లోనే ఉంటాయి. అల్మారాకైతే అంతా మన ఇష్టం. అందుకే చిక్కు కూడా అక్కడే.

రంగులు వేయకముందే బొమ్మ ముక్కలన్నీ బ్లూ ట్యాక్‌తోనో (గోడకు పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్ద), పిల్లలు ఆడుకునే క్లేతోనో తాత్కాలికంగా అతికించి నిలబెట్టండి. మూడు కొలతలు తీసుకోండి. పాదాల ఈ చివరి నుంచి ఆ చివరికి ఎంత, చేతులూ ఆయుధాలూ కలిపి ఎంత బయటికి వస్తున్నాయి, ఎత్తు ఎంత. డబ్బా మీద 75 అని రాసి ఉన్నా స్కేలు పెట్టే కొలవండి. కొందరు తయారీదారులు కళ్ల వరకు లెక్కిస్తారు, కొందరు నడినెత్తి వరకు. మోకాలు వంచిన బొమ్మ, కిరీటం ఉన్న బొమ్మ ఆ అంకెకు అసలు దొరకవు.

ఇప్పుడు ఇంట్లో వెతకండి. పది రూపాయల నాణెం 27 మి.మీ. ఉంటుంది. నీళ్ల సీసా మూత దాదాపు 30. గాజు సైజులో రెండు-ఆరు అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, అంటే లోపలి వ్యాసం 60 మి.మీ. గాజును అట్ట మీద పెట్టి లోపలి అంచు వెంట గీసి కత్తిరిస్తే 60 మి.మీ. బేస్ నమూనా వచ్చేసినట్టే. 40, 50 వలయాలు పిల్లల కంపాస్‌తో గీసుకోండి. బొమ్మను ఒక్కోదాని మీద నిలబెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, ఫోన్‌తో ఫోటో తీయండి. ఆ ఫోటోను నలుపు తెలుపు చేసి చూడండి. బొమ్మ నేల మీద నిలబడినట్టు ఉందా, పళ్లెంలో పెట్టినట్టు ఉందా? రెండోదైతే బేస్ పెద్దది.

నా లెక్క ఒకటి ఉంది, శాస్త్రం కాదు. ఒంటరిగా నిలబడ్డ బొమ్మకు బేస్ వ్యాసం దాని ఎత్తులో సగానికి కొంచెం ఎక్కువ ఉంటే చాలు. 54 మి.మీ. బొమ్మకు 30, 75కు 40. కాళ్లు ఎడంగా పెట్టి కత్తి ఎత్తినవాడైతే 50. పాదం నుంచి బేస్ అంచుకు నాలుగైదు మి.మీ. ఖాళీ ఉండాలి. ఈటె, జెండా లాంటివి బేస్ దాటి బయటికి వచ్చినా ఇబ్బంది లేదు, అందంగానే ఉంటుంది. కాకపోతే దుమ్ము తుడిచే గుడ్డకు మొదట దొరికేవి అవే. బొమ్మ చూస్తున్న వైపు ఖాళీ కాస్త ఎక్కువ వదిలితే ఆ చూపుకు చోటు దొరుకుతుంది. సరిగ్గా నడిమధ్యలో పెడితే గడియారంలో ముల్లులా ఉంటుంది.

ఛాతీ వరకే ఉండే బస్ట్ బొమ్మలకు లెక్క వేరు. దిమ్మె, అంటే ఎత్తైన బేస్, భుజాల వెడల్పు కంటే సన్నగా ఉండాలి. అంతకు మించి అక్కడ ఆలోచించాల్సింది లేదు.

ఎత్తు, బరువు

పాలంపేటకు వెళ్లినప్పుడు రామప్ప గుడిని ఈసారి కిందినుంచి చూడండి. 1213 నాటి గుడి, ఆరడుగుల ఎత్తున నక్షత్రం ఆకారంలో ఉన్న వేదిక మీద నిలబడి ఉంటుంది. పైన నల్లరాతి మదనికల నగల్లో సందు సందుకూ చెక్కడమే. కింద వేదిక మాత్రం చాలావరకు సాదాగా ఉంటుంది. గుడిని పైకి ఎత్తుతుంది, చూపును తన దగ్గర ఆపుకోదు. దిమ్మె ఎలా ఉండాలని నన్ను ఎవరు అడిగినా దాన్నే చూసి రమ్మంటాను.

ఎత్తును అల్మారా చెబుతుంది. అర మీ ఛాతీ ఎత్తులో ఉంటే బొమ్మను పైనుంచి చూస్తారు. అప్పుడు 50, 60 మి.మీ. దిమ్మె దాని మొహాన్ని మీ కళ్లకు దగ్గర చేస్తుంది. అర కళ్ల ఎత్తులోనే ఉంటే పొట్టి బేస్ చాలు. ఎత్తైన దిమ్మె పెడితే బొమ్మ గడ్డం కింది భాగమే కనిపిస్తుంది. ఇదంతా కొనకముందు తెలుసుకోవడానికి ఒక అగ్గిపెట్టె సరిపోతుంది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి దాని మీద బొమ్మను పెట్టి చూడండి.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. బేసులు పోతపోసే పాలియురేథేన్ రెజిన్ నీళ్ల కంటే కొద్దిగా మాత్రమే బరువు. నాలుగు సెంటీమీటర్ల చదరం, ఐదు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గట్టి దిమ్మె సుమారు 88 గ్రాములు తూగుతుంది. అదే కొలతల గ్రానైట్ ముక్క రెండు వందల పైచిలుకు గ్రాములు. పైన రెజిన్ బొమ్మే ఉంటే 88 గ్రాములు సరిపోతాయి. తెల్లలోహంతో పోసిన పాత తరహా బొమ్మను పెడితే మాత్రం తల బరువై, అల్మారా తలుపు గట్టిగా వేసినా ఊగుతుంది. దిమ్మె అడుగున బోలుగా ఉంటే సైకిల్ రిపేరు షాపులో దొరికే బేరింగ్ బాల్స్ పోసి, ఆరాల్డైట్‌తో కప్పేయండి. గట్టి దిమ్మె అయితే కింద ఇంకో బరువైన పలక వేయాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

రాయి ఏ ఊరిది?

నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మార్కెట్‌లో దొరికే రెజిన్ బేసుల్లో ఎక్కువ భాగం యూరప్ ఊహలు. మొనదేలిన కిటికీలు, రాళ్లు పరిచిన వీధులు, మంచు, ఓడ చెక్కలు, పుర్రెలు. ఆ కథలకు చెందిన బొమ్మలకు అవి చక్కగా కుదురుతాయి. వాటినే తెచ్చి మన నేల మనిషి కింద పెడితే ఏదో తేడాగా ఉందని చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఏమిటో చెప్పలేకపోవచ్చు, మా ఆవిడ చెప్పింది.

కట్టడాల తేడా ఎవరికైనా తెలుస్తుంది. రాయి తేడా నెమ్మదిగా తెలుస్తుంది. "రాతి బేస్" అని అమ్మేవాటిలో చాలావరకు పలకలు పలకలుగా, పొరలు విరిగి, అంచులు పదునుగా ఉంటాయి. చెట్టు బెరడునో, పలకరాయినో అచ్చు తీసి చేస్తారు కాబట్టి అలా వస్తాయి. మన చుట్టూ ఉన్న గుట్టలు అలా ఉండవు. పద్మాక్షి గుట్ట ఎక్కండి, లేదా ఓరుగల్లుకు ఆ పేరు తెచ్చిన ఒంటిరాయిని కోట లోపల చూడండి. ఏనుగు వీపులా గుండ్రటి గ్రానైట్. పగుళ్లు తక్కువ, ఉన్నవి లోతుగా, పొడుగ్గా ఉంటాయి. ఉల్లిపొరలా ఒకటి రెండు చోట్ల పెచ్చు లేచి ఉంటుంది. వాన నీళ్లు జారిన చోట నల్లటి చారలు. ఇలాంటి బేస్ కావాలంటే "గుండ్లు" తరహా వెతకండి. దొరకకపోతే సాదా దిమ్మె కొని, పైన ఎం-సీల్‌తో మీరే ఒక గుండు చేసుకోండి. గుండ్రటి రాయి చేయడం మనిషి చెయ్యి చేయడమంత కష్టం కాదు.

పొరల రాయి మన దగ్గర అసలే లేదని కాదు. భూపాలపల్లి వైపు పాండవుల గుట్టల్లో ఇసుకరాయి అలాగే పొరలుగా లేచి నిలబడి ఉంటుంది. బొమ్మ ఆదిమానవుడో, వేటగాడో అయితే ఆ బేస్ దిగులు లేకుండా వాడుకోవచ్చు. రంగు మాత్రం బూడిద కాకుండా, ఎర్ర పసుపు కలిసిన గోధుమ వేయండి.

తర్వాత స్కేలు, అంటే అసలు సైజులో బొమ్మ ఎన్నో వంతు అన్నది. "28 నుంచి 75 మి.మీ. వరకు అన్ని బొమ్మలకూ సరిపోతుంది" అని రాసి ఉంటే నమ్మకండి. ఇటుక ఉన్న బేస్ అయితే పట్టుకోవడం తేలిక. మన ఇటుక సుమారు తొమ్మిది అంగుళాల పొడవు, మూడు అంగుళాల మందం. 75 మి.మీ. బొమ్మ అంటే దాదాపు 1/24 స్కేలు. ఆ బేస్ మీద ఇటుక తొమ్మిదిన్నర మి.మీ. పొడవు, మూడు మి.మీ. మందం ఉండాలి. 32 మి.మీ. ఆట బొమ్మకైతే నాలుగు మి.మీ. పొడవు చాలు. ఒకే ఇటుక ఇద్దరికీ ఎలా సరిపోతుంది? మెట్లు ఉంటే ఒక మెట్టు ఎత్తు బొమ్మ పిక్క మధ్యను దాటకూడదు. వేప ఆకంత ఆకులు, కట్టెలంత పుల్లలు పోసిన బేసులను కూడా ఈ లెక్కనే పక్కన పెట్టండి.

ఫోటోలో చూడాల్సినవి

రంగులు వేసిన బేస్ ఫోటో చూసి కొనకండి. మంచి చేయి పడితే బొగ్గు ముక్క కూడా అందంగానే ఉంటుంది. రంగు వేయని, వట్టి రెజిన్ ఫోటో అడగండి. ఒకటి పైనుంచి, ఒకటి అంచు నుంచి, ఒకటి అడుగు భాగం. పక్కన స్కేలు పెట్టి తీయమనండి. పంపనివారి దగ్గర కొనాల్సిన అవసరం లేదు, బేసులు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక అది పోతపోసిందా, 3డి ప్రింట్ తీసిందా అన్నది అడగండి. రెండూ రెజినే, కానీ గుణం వేరు. పోతపోసినది సిలికాన్ అచ్చులో రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడేది. దాని జబ్బులు గాలి బుడగలు, అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత, రెజిన్ పోసిన చోట మిగిలే మొద్దు. మొద్దు అడుగున ఉంటే ఏ బాధా లేదు. రాతి చెక్కడం మధ్యలో ఉంటే దాన్ని కోసేసరికి చెక్కడం కూడా పోతుంది.

ప్రింట్ తీసినది అతినీలలోహిత కాంతితో పొర మీద పొరగా గట్టిపడేది. ఒక్కో పొర మామూలుగా 0.05 మి.మీ. నిలువు గోడల మీద ఆ పొరలు కంటికి ఆనవు. చిన్న వాలు ఉన్న చోట, అంటే గుండ్రటి రాయి పైభాగంలో, మ్యాప్‌లో కొండకు గీసినట్టు వలయాలు వస్తాయి. వట్టి కంటికి కనబడకపోయినా, డ్రైబ్రష్ చేసిన (దాదాపు ఆరిన బ్రష్‌తో ఎత్తుల మీద రంగు రుద్దిన) మరుక్షణం బయటపడతాయి. కాబట్టి నిటారు దిమ్మె ప్రింట్‌ది తీసుకోవచ్చు. గుండ్రటి రాళ్ల బేస్ అయితే నా ఓటు పోతపోసినదానికే.

ప్రింట్ దిమ్మెలో ఇంకో మెలిక ఉంది. రెజిన్ ఆదా కోసం లోపల బోలుగా తీస్తారు. అడుగున రెండు రంధ్రాలు పెట్టి, లోపలి పచ్చి రెజిన్‌ను కడిగి, లోపల కూడా వెలుతురు పట్టించి ఆరబెట్టాలి. అది చేయకపోతే పచ్చి రెజిన్ లోపలే ఉండిపోతుంది. నా దగ్గరికి అలాంటిది ఒకటి వచ్చింది. అందంగా రంగు వేసి అల్మారాలో పెట్టాను. మే నెలలో ఒకరోజు చూస్తే పక్కన సన్నటి పగులు, కింద పరిచిన పేపరు మీద జిగట మరక. ముట్టుకుంటే వేలికి అంటింది. పచ్చి రెజిన్ చర్మానికి మంచిది కాదు, గ్లవ్స్ లేకుండా తుడవకండి. ఇప్పుడు నేను అడుగు భాగం ఫోటో అడిగేది అందుకే. దిమ్మె బోలు అని చెప్పి, అడుగున రంధ్రం కనబడకపోతే కొనను.

పార్సిల్ విప్పాక

మొదట వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టి వేలితో ఒక మూల నొక్కండి. టకటకమని ఊగితే వంకర ఉన్నట్టే. పల్చటి పోత బేసులు ఎండాకాలం పార్సిల్లో వచ్చేసరికి వంగడం మామూలే. రామగుండం, వరంగల్ వైపు మేలో 44, 45 డిగ్రీలు దాటుతాయి. ఎండలో ఆగిన వ్యాన్ లోపల ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు.

పల్చటిదైతే సరిచేయడం తేలిక. టీ తాగేంత వేడి కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లు, మరిగేవి కాదు, పాత గిన్నెలో పోసి రెండు నిమిషాలు ముంచండి. మెత్తబడుతుంది. తీసి గట్టు మీద పెట్టి, పైన గుడ్డ వేసి, అరచేత్తో సమంగా నొక్కి, అలాగే చల్లటి నీళ్లు పోయండి. ఒకసారికి రాకపోతే మళ్లీ చేయండి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి. ఈ వేడి నీళ్ల చిట్కా పోత రెజిన్‌కే. ప్రింట్‌ది కొన్నిసార్లు పెళుసుగా విరుగుతుంది.

మందమైన దిమ్మె అడుగు వంకరగా ఉంటే అరగదీయడమే. ఆటో పెయింటర్లు వాడే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇస్తారు. 180, 400, 800 నంబర్లు ఒక్కోటి తెచ్చుకోండి. అద్దం ముక్క మీద పేపరు పరిచి, నీళ్లు చల్లి, దిమ్మెను దాని మీద ఎనిమిది అంకె వేస్తున్నట్టు తిప్పండి. పొడిగా మాత్రం ఎప్పుడూ రుద్దకండి. రెజిన్ పొడి చాలా సన్నగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడిపి రుద్దితే బురదగా దిగిపోతుంది. అయినా మాస్కు పెట్టుకోండి, పిల్లలు నిద్రపోయాక చేయండి.

తర్వాత స్నానం. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు పోత బేసు మీద మిగిలి ఉంటుంది. కంటికి కనబడదు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్. సందుల్లో రుద్ది, కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. ఈ పని ఎగ్గొడితే ఏమవుతుందో తెలుసా? అంతా అయ్యాక అంచు మీది మాస్కింగ్ టేపు పీకుతారు, టేపుతో పాటు రంగు కూడా తొక్కలా లేచి వస్తుంది.

బుడగలన్నీ పూడ్చాలని కూర్చోకండి. రాయి మీద చిన్న గుంట ఉంటే అది రాయికి ఉన్న గుంటే, ఎవరూ అడగరు. దిమ్మె అంచులు, సాపుగా ఉండాల్సిన పక్కలు, పేరు పలక వచ్చే చోటు మాత్రం వదలకూడదు. సూదితో బుడగ నోరు పెద్దది చేసి పుట్టీ దట్టించి, ఆరాక 800 పేపరుతో తడిపి రుద్దండి.

బొమ్మను దిగేయడం

ఉత్త ఫెవిక్విక్‌ను నమ్ముకోకండి. పాదం కింద అంటుకునే చోటు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఒక జెమ్ క్లిప్పును కట్ చేస్తే మంచి ఊచ వస్తుంది, మందం దాదాపు ఒక మి.మీ. అదే సైజు బిట్‌తో చేతి డ్రిల్లు పెట్టి పాదంలోకి ఐదారు మి.మీ. రంధ్రం చేసి, ఊచను దిగేయండి. బేసులో రంధ్రం ఎక్కడ వేయాలో తెలియడానికి ఊచ కొసకు కొంచెం రంగు అద్ది, బొమ్మను అనుకున్న చోట ఆనించి తీయండి. పడిన చుక్క మీద డ్రిల్లు పెట్టండి. రెండు కాళ్లకూ ఊచలుంటే మంచిదే, కానీ రెండూ ఒకేసారి కుదరడం అదృష్టం. నేను ఒక కాలికే వేస్తాను.

ఇప్పుడే అంటించకండి. బొమ్మ వేరుగా, బేస్ వేరుగా రంగులు వేసుకొని చివర్లో కలపాలి. ఆ చివరి అతుకు కూడా ఫెవిక్విక్‌తో కాకుండా ఆరాల్డైట్‌తో వేయండి. ఫెవిక్విక్ ఆవిరి, ముఖ్యంగా గాలిలో తేమ ఉన్నప్పుడు, చుట్టుపక్కల తెల్లటి బూజులా పేరుకుంటుంది. నల్లటి దిమ్మె మీద అది పడితే మళ్లీ రంగు వేయడం తప్ప దారి లేదు. ఆరాల్డైట్ ఒక రాత్రి తీసుకుంటుంది, తీసుకోనివ్వండి.

ప్రైమర్, రంగు, మట్టి

స్ప్రే ప్రైమర్‌కు మన దగ్గర ఏడాదిలో మంచి రోజులు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. మేలో మధ్యాహ్నం డాబా మీద కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి ఇసుకలా పడుతుంది. తప్పదంటే ఉదయం ఏడు లోపు, నీడలో, కాస్త దగ్గరగా, పల్చగా రెండు మూడు విడతలు వేయండి. వానాకాలంలో ముసురు పట్టినప్పుడు వార్నిష్ తెల్లబారుతుంది. ఆ రోజుల్లో బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడుకోవడమే మేలు.

రంగుల్లో నేను పాటించేది ఒకటే. బేసు మీద ఏ రంగూ మొహం కంటే గట్టిగా అరవకూడదు. ఎర్ర చెలక నేల వేస్తుంటే డబ్బాలోని ఎరుపును అలాగే వేయకుండా, కొంచెం బూడిద, కొంచెం లేత గోధుమ కలిపి చప్పబరచండి. బొమ్మ ముదురు రంగు బట్టల్లో ఉంటే కింద లేత ఎర్రమట్టి, తెల్ల పంచెలో ఉంటే నల్ల రేగడి. రేగడి అనగానే ఉత్త నలుపు వేయకండి. ఎండిన రేగడి బూడిద రంగులో నెర్రెలు బారి ఉంటుంది, తడిస్తేనే నల్లబడుతుంది. దిమ్మె పక్కలు మాత్రం సాదా నలుపు, మెరుపు తక్కువ.

నిజం మట్టి వేయొచ్చా అని అడుగుతారు. వేయొచ్చు. పెనం మీద వేయించి, పురుగూ తేమా పోయాక, టీ జాలిలో రెండుసార్లు జల్లించండి. ఒక మి.మీ. ఇసుక రేణువు 1/24 స్కేలులో 24 మి.మీ. కంకర రాయి అన్నమాట, అందుకే జల్లించడం. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూసి, మట్టి చల్లండి. ఆరాక అసలు మట్టి రంగు ముదురుతుంది కాబట్టి పైన ఎలాగూ రంగు వేయాల్సిందే. మట్టి నుంచి మనకు కావాల్సింది గరుకుదనమే.

కింద ఇంకో పలక

ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే దారిలో ఒక గ్రానైట్ కటింగ్ షెడ్డు ముందు చెత్త కుప్పలో అరచేయంత నల్ల ముక్కలు కనబడితే బండి ఆపాను.

"గీ ముక్కలు పారవోసేటియే తమ్మీ, ఏం జేస్తవ్?"

"బొమ్మ కింద పెడతానన్నా. గుండ్రంగా కోసిస్తవా?"

"గుండ్రం గాదు. నలుచదరం అంటే గిప్పుడే కోస్త, అంచు గూడ మలిపిస్త."

ఐదు ముక్కలు కోసిచ్చి, టీకి డబ్బులిమ్మన్నాడు. అప్పటి నుంచి నేను ఎత్తైన రెజిన్ దిమ్మెలు కొనడం దాదాపు మానేశాను. పల్చటి రెజిన్ బేస్ ఒకటి తీసుకొని గ్రానైట్ ముక్క మీద కూర్చోబెడతాను. చెక్కడం రెజిన్‌ది, బరువు రాయిది. మెరుగు పెట్టిన గ్రానైట్ మీద జిగురు సరిగ్గా పట్టదు కాబట్టి గరుకుగా ఉన్న వైపు పైకి వచ్చేలా కోయించుకోండి. రెజిన్ అడుగును కూడా 180 పేపరుతో గీరి ఆరాల్డైట్ పెట్టండి. రాయి కింద ఫెల్ట్ ముక్క అంటించకపోతే అల్మారా అద్దం మీద గీతలు పడతాయి.

దిమ్మె అడుగున తేదీ, వాడిన రంగుల పేర్లు మార్కర్‌తో రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఈటె విరిగితే ఏ గోధుమ రంగు కలిపారో మీకూ గుర్తుండదు.

హైదరాబాద్‌లో ఏదైనా ప్రదర్శనకు తీసుకెళ్లాల్సి వస్తే, గ్రానైట్ కాకుండా రెజిన్ దిమ్మె అయితే అడుగున ఒక నట్టు పూడ్చి ఉంచండి. స్వీట్ల డబ్బా లాంటి గట్టి డబ్బా అడుగున ప్లైవుడ్ ముక్క వేసి, దానికి రంధ్రం చేసి, కిందినుంచి బోల్టు బిగిస్తే బొమ్మకు చుట్టూ ఏదీ తగలదు. బబుల్ రేపర్ చుట్టకండి, ఈటెలూ వేళ్లూ విరిగేది దాన్ని విప్పేటప్పుడే. బస్సులో డబ్బాను పైన సామాన్ల అరలో పెట్టకుండా ఒడిలోనే ఉంచుకోండి. జనగామ దాటాక పక్క సీటాయన ఏముంది అందులో అని అడుగుతాడు. మూత తీసి చూపించండి, చేతికి మాత్రం ఇవ్వకండి.